'క్వైట్' అంటే పూర్తిగానా, పర్వాలేదనా?

దేవరకొండ రోడ్డు అడిగిన ప్రశ్న:

ఇంగ్లిష్‌ల 'క్వైట్' అనే మాట గురించి అడుగుతున్న. డిక్షనరీల మొదటి అర్థం 'పూర్తిగా, బొత్తిగా' అని ఉంది. దాని కిందనే రెండో అర్థం 'ఒక మోస్తరుగా' అని ఉంది. ఒకే మాట నూటికి నూరూ అయ్యి, నూటికి అరవై కూడా అయితే పదో తరగతి పిల్లలకు ఏమని చెప్పాలె? ఈ నాలుగు వాక్యాల దగ్గర పాఠం ఆగింది:

ది ఫిల్మ్ వాజ్ క్వైట్ గుడ్.
యూ ఆర్ క్వైట్ రైట్.
క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్.
ది వర్క్ ఈజ్ నాట్ క్వైట్ ఓవర్.

మూడోది మరీ చిత్రం. ఫ్యూ అంటే కొద్దిమంది గదా, దానికి క్వైట్ కలిస్తే 'బొత్తిగా కొద్దిమంది' కావాలె. గైడుల 'చాలామంది' అని ఉంది. అచ్చుతప్పా? ఇంకోటి, 'హీ ఈజ్ ఎ క్వైట్ గుడ్ బాయ్' అని రాస్తే మార్కు కొట్టేయాల్నా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.

గడియారం చౌరస్తా:

సార్, ఒక్క క్వైట్‌నే పట్టుకుని చూస్తే ఎన్నటికీ తేలదు. దాని పక్కన ఏ మాట కూసుందో చూడాలె.

గుడ్, హాట్, ఓల్డ్, టైర్డ్ లాంటివి మెట్లున్న మాటలు. ఎండ కొంచెం ఉండొచ్చు, బాగ ఉండొచ్చు, మాడ్చేయొచ్చు. వీటి ముందు క్వైట్ వస్తే 'ఒక మోస్తరు, బాగానే'. రైట్, రాంగ్, ఇంపాసిబుల్, డెడ్, ఫినిష్డ్, యూజ్‌లెస్ లాంటి వాటికి మెట్లు లేవు. అయితే అవును, లేకుంటే లేదు. వీటి ముందు వస్తే 'పూర్తిగా'.

పిల్లలకు సులువైన పరీక్ష ఒకటుంది. క్వైట్ తీసేసి ఆ జాగల 'వెరీ' పెట్టి చదవమనండి. వెరీ గుడ్ అతుకుతది, కాబట్టి క్వైట్ గుడ్ అంటే మోస్తరు. వెరీ ఇంపాసిబుల్ అతకదు, కంప్లీట్లీ ఇంపాసిబుల్ అతుకుతది, కాబట్టి క్వైట్ ఇంపాసిబుల్ అంటే అసలే అయ్యే పని కాదు. తెలుగుల ఇంకా తొందరగ తెలుస్తది. 'ఎద్దు శాన ముసలిదైంది' అంటం. 'ఎద్దు శాన సచ్చిపోయింది' అనం. శాన పట్టని చోట క్వైట్‌కు 'పూర్తిగా' అని రాసుకోవచ్చు.

ఇంకో రకం మాటలున్నయి. బ్రిలియంట్, ఎగ్జాస్టెడ్, ఫ్రీజింగ్, ఎనార్మస్. ఇవి మెట్ల మీద ఆఖరి మెట్టు. వీటి ముందు కూడా 'పూర్తిగా'నే. టైర్డ్, ఎగ్జాస్టెడ్ జంటను బోర్డు మీద రాయండి. క్వైట్ టైర్డ్ అంటే బాగానే అలిసిండు, అయినా ఇంకో మడి నాటగలడు. క్వైట్ ఎగ్జాస్టెడ్ అంటే ఇంక కాలు లేవదు. పక్కమాట మారితే క్వైట్ బరువే మారిపోయింది, చూడండి.

మీ రెండో వాక్యం 'మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం'. ఇక నాలుగోది. ముందు 'నాట్' వచ్చిందంటే క్వైట్ ఎప్పుడూ 'పూర్తిగా' వైపే పోతది. పని పూర్తిగ కాలేదు గని అంచుకొచ్చింది. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. నీళ్లు 588 దగ్గరుంటే 'నాట్ క్వైట్ ఫుల్'. 530 దగ్గరుంటే ఆ మాట అనొద్దు, అప్పుడది ఉట్టి 'నాట్ ఫుల్'. నాట్ క్వైట్‌ల ఉన్నది ఆ రెండడుగుల వెలితి.

ఇక్కడే పిల్లలు చేసే తప్పు: 'క్వైట్ గుడ్'కు వ్యతిరేకం రాయమంటే 'నాట్ క్వైట్ గుడ్' అని రాస్తరు. మోస్తరు అర్థానికి నాట్ తగిలించలేం. 'నాట్ వెరీ గుడ్' అని మార్చాలె. 'నాట్ క్వైట్ గుడ్ ఇనఫ్' మాత్రం సరైనదే. ఇనఫ్ ఒక గీత గీసింది, ఆ గీతకు కొంచెం కింద ఆగిందని అర్థం.

పిల్లలమర్రి నీడ:

చౌరస్తా అన్న చెప్పిన వెరీ పరీక్ష మంచిదే, కానీ కొన్ని మాటల దగ్గర బోల్తా కొడుతుంది. వెరీ డిఫరెంట్ అనొచ్చు, వెరీ ష్యూర్ అనొచ్చు, వెరీ సేఫ్ అనొచ్చు. పరీక్ష ప్రకారం వీటి ముందు క్వైట్ అంటే 'మోస్తరు' కావాలి. కాదు. క్వైట్ డిఫరెంట్ అంటే దాదాపు ఎప్పుడూ 'పూర్తిగా వేరు'. క్వైట్ ష్యూర్ అంటే 'అనుమానమే లేదు'. క్వైట్ సేఫ్ అంటే 'భయపడే పనే లేదు'. ఈ మూడింటిని బట్టీ పట్టించాల్సిందే, సూత్రానికి లొంగవు.

మొదటి వాక్యం తేలిక అనుకుంటున్నారు గానీ నలుగురిని ముంచేది అదే. ఎవరన్నారన్నది చూడాలి. అమెరికా మనిషి 'క్వైట్ గుడ్' అంటే మెచ్చుకున్నట్టే, వెరీ గుడ్‌కు దగ్గర. బ్రిటన్ మనిషి అంటే 'బాగానే ఉంది', అంటే ఉట్టి 'గుడ్' కంటే ఒక మెట్టు కిందనే. పిల్లల్ని చదువుకు పంపేవాళ్లు, బయటి దేశం ఆఫీసుతో పనిచేసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. బ్రిటన్ ప్రొఫెసర్ వ్యాసం మీద 'క్వైట్ గుడ్' అని రాస్తే స్వీట్లు పంచకండి. ఇంకేం దిద్దాలో అడగండి.

దీనికి సరిగ్గా సరిపోయేది మన భాషలోనే ఉంది, 'ఏ'. జొన్నరొట్టె తిని 'మంచిగుంది' అంటే చేసినామె ఇంకోటి వేస్తుంది. 'మంచిగనే ఉంది' అంటే పెనం మీద చెయ్యి ఆపి 'ఏం తక్కువైంది?' అంటుంది. మెచ్చుకున్న మాటే, కానీ ఆ 'నే'లో ఒక 'గాని' దాక్కుంది. బ్రిటన్ క్వైట్ గుడ్ అంటే ఆ 'మంచిగనే'. పిల్లలకు 'ఒక మోస్తరు' అని పుస్తకం మాట చెప్పేకంటే ఈ 'నే' చెప్పండి, మళ్లీ మరిచిపోరు.

గొంతు కూడా చూడాలి. బ్రిటన్ ఉచ్చారణలో ఒత్తు 'క్వైట్' మీద పడి, గుడ్ దగ్గర గొంతు ఆగీ ఆగనట్టు లేస్తే తర్వాత 'బట్' వస్తుందని అర్థం. ఒత్తు గుడ్ మీద పడితే నిజంగానే బాగుందని. మనమూ అంతే, 'మంచి...గనే ఉంది' అని సాగదీస్తే ఒకటి, గబుక్కున అంటే ఒకటి. లిజనింగ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు రాసిన మాటను కాక ఒత్తును వినడం అలవాటు చేసుకోవాలి.

మిర్యాలగూడ మిల్లు:

గైడుల అచ్చుతప్పు లేదు సార్. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే మస్తుమందే. ఎందుకంటే అక్కడున్నది ఉట్టి ఫ్యూ కాదు, 'ఎ ఫ్యూ'. ఎ లేని ఫ్యూ 'లేనట్టే' అని మొత్తుకుంటది. ఎ ఉన్న ఫ్యూ 'ఉన్నరు, కొందరున్నరు' అంటది. దాని ముందు క్వైట్ పెడితే 'కొందరే అనుకునేరు, బాగానే వచ్చిన్రు' అన్నట్టు. ధాన్యం సీజన్ల మిల్లు గేటు కాడ 30 లారీలు వరుస కట్టినయనుకోండి, 'క్వైట్ ఎ ఫ్యూ లారీస్' అనొచ్చు. ఎ మర్చిపోయి 'క్వైట్ ఫ్యూ' అని రాస్తే వాక్యం పోయినట్టే.

ఇదే బాపతు ఇంకొన్ని ఉన్నయి. క్వైట్ ఎ లాట్, క్వైట్ ఎ బిట్, క్వైట్ సమ్ టైమ్, మూడూ 'శాన' అర్థమే. 'ఎ బిట్' అంటే కొంచెం, 'క్వైట్ ఎ బిట్' అంటే శాన. పిల్లలు నవ్వుతరు గని భాష అట్లనే ఉంది.

విశేషణం లేకుండ ఉట్టి నామవాచకం ముందు కూడా వస్తది. 'దట్ వాజ్ క్వైట్ ఎ మ్యాచ్' అంటే మామూలు మ్యాచ్ కాదు. జాతర చూసొచ్చి 'దేర్ వాజ్ క్వైట్ ఎ క్రౌడ్' అంటే ఇసకేస్తే రాలని జనం. ఇక్కడ మోస్తరు లేదు, పూర్తిగా లేదు, 'అబ్బో' ఉంది.

ఎ ఎక్కడ పెట్టాలె అనేదానికి: 'క్వైట్ ఎ గుడ్ బాయ్' రాయాలె, క్వైట్ ముందు, ఎ తర్వాత. వెరీ అయితే తిరగబడుతది, 'ఎ వెరీ గుడ్ బాయ్'. రాదర్ రెండు తీర్లా నడుస్తది. మన పిల్లలు వెరీ అచ్చుల క్వైట్‌ను పోస్తరు, అందుకే 'ఎ క్వైట్ గుడ్ బాయ్' వస్తది. అమెరికాల ఆ తీరు కనపడతది, కొట్టిపారేయలేం. బళ్లె మాత్రం క్వైట్ ఎ నేర్పండి. సగం మార్కు కోయాల్నా వద్దా అనేది మీ దయ. 'ది' వచ్చినా క్వైట్ ముందే: క్వైట్ ది రాంగ్ రోడ్, క్వైట్ ది ఆపోజిట్.

ఎక్కువ మార్కులు పోయేది ఇంకో జాగల. టాలర్, బెటర్, చీపర్ లాంటి పోలిక మాటల ముందు క్వైట్ పెట్టొద్దు. 'క్వైట్ టాలర్' తప్పు, 'మచ్ టాలర్', 'ఎ బిట్ టాలర్', 'రాదర్ టాలర్' ఒప్పు. 'క్వైట్ మోర్' తప్పు, 'క్వైట్ ఎ లాట్ మోర్' ఒప్పు. దీనికి ఒక్కటే మినహాయింపు, 'క్వైట్ బెటర్'. జ్వరం వచ్చి పూర్తిగ తగ్గితే 'ఐ యామ్ క్వైట్ బెటర్ నౌ' అంటరు. 'ఆజ్ ఆజ్' పోలికల ముందు 'నాట్ క్వైట్' మాత్రం చక్కగ కుదురుతది: 'పాలమూర్ ఈజ్ నాట్ క్వైట్ ఆజ్ హాట్ ఆజ్ నల్గొండ'. ఎండల మాట మీద పాలమూరోళ్లు గొడవకు రావొద్దు, వ్యాకరణం కోసం అన్న.

దేవరకొండ రోడ్డు:

'నే' సంగతి బ్రహ్మాండం మేడం, రేపు అదే చెప్త. ఒకటి తేలలేదు. 'ది బస్ వాజ్ క్వైట్ ఫుల్' అని ఒక పిల్ల రాసింది. ఫుల్‌కు మెట్లు లేవు కాబట్టి 'కిక్కిరిసిపోయింది' అని నేననుకున్న. ఇంకో సారేమో 'బాగానే నిండింది, రెండు మూడు సీట్లు ఉండొచ్చు' అంటడు. ఎవరిది ఒప్పు? క్రియల ముందు వచ్చే క్వైట్ గురించి కూడా చెప్పండి.

గడియారం చౌరస్తా:

నా లెక్కల మీదే ఒప్పు. ఫుల్ అంటే ఫుల్.

పిల్లలమర్రి నీడ:

అన్నా, తొందరపడకండి. కాగితం మీద ఫుల్‌కు మెట్లు లేవు. నోట్లో ఉన్నాయి. 'బస్సు సగం నిండింది', 'బాగా నిండింది' అని మనం అనమా? ఇంగ్లిష్‌లో కూడా 'వెరీ ఫుల్' అంటారు. కాబట్టి 'క్వైట్ ఫుల్' రెండు వైపులా పోతుంది, 'క్వైట్ ఎంప్టీ' కూడా అంతే. వినేవాడికి సందర్భం తెలియకపోతే ఏదీ తేలదు. ఇద్దరు సార్లదీ ఒప్పే, తప్పు ఆ పిల్ల ఎంచుకున్న మాటది. సీటు లేదని చెప్పాలంటే 'కంప్లీట్లీ ఫుల్', ఇంకా జాగా ఉందని చెప్పాలంటే 'ఫెయిర్లీ ఫుల్' రాయించండి.

ఇవన్నీ కొలత గిన్నెలనుకుంటే బ్రిటన్ లెక్కన ఫెయిర్లీ అన్నిటికంటే చిన్నది. దాని మీద క్వైట్, ఆ మీద ప్రెటీ, రాదర్ దగ్గరదగ్గరగా, ఆపైన వెరీ. ప్రెటీ కబుర్లలో మాట, దరఖాస్తులో రాయకూడదు. రాదర్‌లో 'అనుకున్నదానికంటే ఎక్కువ' అనే ఆశ్చర్యం ఉంటుంది. మన దగ్గర 'టూ గుడ్' అని మెచ్చుకుంటారు చూడండి, టూ అంటే 'ఉండాల్సినదానికంటే ఎక్కువ' అని. కూరలో 'టూ సాల్టీ' అంటే ఉప్పు కషాయం. పొగడ్తకు అది మన వాడుక అయిపోయింది, పరీక్షలో మాత్రం వద్దు.

క్రియల సంగతి. లైక్, ఎంజాయ్ ముందు క్వైట్ అంటే మోస్తరు: 'ఐ క్వైట్ లైక్ ఇట్', నాకు బాగానే నచ్చింది. అగ్రీ, అండర్‌స్టాండ్, ఫర్‌గెట్ ముందు పూర్తిగా: 'ఐ క్వైట్ అగ్రీ', మీ మాటే నా మాట. 'ఐ క్వైట్ ఫర్‌గాట్', మొత్తానికే మరిచిపోయాను. జాగా ఎప్పుడూ అసలు క్రియకు ముందు. 'ఐ లైక్ ఇట్ క్వైట్' అని చివర్లో పెడితే తప్పు. సహాయక్రియ ఉంటే దాని తర్వాత: 'ఐ హ్యావెంట్ క్వైట్ ఫినిష్డ్'.

కృష్ణ ఒడ్డు:

ఒకే మాటకు రెండు అర్థాలు ఎట్లొచ్చినయో ఎవరూ చెప్పలేదు, అది తెలిస్తే సగం చిక్కు విడిపోతది. లాటిన్ 'క్వీటస్' అంటే నెమ్మదిగా, ఏ బాధా బందీ లేకుండ ఉన్నది. అది ఫ్రెంచి మీదుగ ఇంగ్లిష్‌లకు వచ్చి మూడు కొమ్మలైంది. ఒకటి క్విట్, అంటే వదిలిపెట్టు. రెండోది క్వయెట్, నిశ్శబ్దం. మూడోది మన క్వైట్. 'వీ ఆర్ క్విట్స్' అంటే మనకు మనకు లెక్క బరాబర్. బాకీ ఒక్క పైస మిగలకుండ తీరితే అది 'పూర్తిగా' తీరినట్టే గదా. 14వ శతాబ్దంల క్వైట్‌కు ఉన్నది ఆ ఒక్క అర్థమే. మోస్తరు అర్థం 19వ శతాబ్దంల చేరింది. కొత్త అర్థం వచ్చినంక పాతది పోలేదు, మెట్లు లేని మాటల ముందు అట్లనే నిలిచింది. ఒక ఇంట్ల తాత, మనవడు ఇద్దరూ ఉన్నరు, ఇద్దరిదీ ఒకటే పేరు.

ఈ మూడు కొమ్మల వల్లనే స్పెల్లింగ్ గోస. మనం రెండింటినీ 'క్వైట్' అనే పలుకుతం, అందుకే బడి గోడల మీద 'కీప్ క్వైట్' అని రాసి ఉంటది, ఐ తర్వాత టి, ఆఖర్న ఇ. నిశ్శబ్దానికి రెండు పలుకులు: క్వయ్, యెట్. ఐ తర్వాత ఇ వస్తది, ఆఖర్న టి. ఈ చర్చ మాటకు ఒకటే పలుకు, టి తర్వాత ఇ. కంప్యూటర్ ఎర్రగీత పెట్టదు, రెండూ సరైన మాటలే కాబట్టి. చేత్తోనే దిద్దుకోవాలె.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొలిచి చెప్పగలిగే చోట క్వైట్‌ను రానియ్యొద్దు. నీళ్ల పరీక్ష రిపోర్టుల 'ది వాటర్ ఈజ్ క్వైట్ సేఫ్' అని రాస్తే ఒకరికి 'భయం లేదు', ఇంకొకరికి 'ఏదో పర్వాలేదు'. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన జిల్లాల అట్ల రాయడం తప్పు. 'లీటరుకు 1.2 మిల్లీగ్రాములు, పరిమితి 1.5' అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు. ఐఈఎల్‌టీఎస్ అని బయటి దేశం చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్షల, గ్రాఫు చూసి వివరించే రైటింగ్ మొదటి టాస్క్ కూడా అంతే. ఉన్నది 20 నిమిషాలు, రాయాల్సింది కనీసం 150 మాటలు. 'ది నంబర్ ఇంక్రీజ్డ్ క్వైట్ ఎ లాట్' అంటే కబుర్ల భాష, పైగా ఎంతో తెల్వదు. 'రోజ్ షార్ప్‌లీ ఫ్రమ్ 20 టు 45 పర్సెంట్' అని అంకెతో రాయాలె. మాట్లాడే పరీక్షల మాత్రం క్వైట్ వాడితే సహజంగ ఉంటది, దాచుకోవద్దు.

దేవరకొండ రోడ్డు:

అందరికీ దండాలు. మీరు చెప్పినవి కలిపి ఆరు వాక్యాలు తయారు చేసిన, తప్పులుంటే దిద్దండి.

ఒకటి, షి ఈజ్ క్వైట్ ఎ గుడ్ సింగర్. రెండు, దిస్ రైస్ ఈజ్ క్వైట్ చీపర్ దాన్ దట్. మూడు, ద ట్యాంక్ ఈజ్ నాట్ క్వైట్ ఫుల్. నాలుగు, యువర్ ఆన్సర్ ఈజ్ క్వైట్ రాంగ్. అయిదు, ఐ వెయిటెడ్ ఫర్ క్వైట్ సమ్ టైమ్. ఆరు, దిస్ శారీ ఈజ్ క్వైట్ ప్రెటీ.

మిర్యాలగూడ మిల్లు:

రెండోదే తప్పు, 'మచ్ చీపర్' అని దిద్దండి. ఒకటి, మూడు, అయిదు నిఖార్సుగున్నయి. నాలుగోది వ్యాకరణం ప్రకారం ఒప్పే, గని పిల్లగాని కాపీ మీద రాయకండి సార్. రాంగ్‌కు మెట్లు లేవు కాబట్టి 'కొంచెం తప్పింది' అని కాదు, 'బొత్తిగా తప్పు' అని అర్థం. వాడు ఏడుస్తడు. 'నాట్ క్వైట్ రైట్' అని రాయండి, ఒప్పుకు దగ్గరికొచ్చినవని తెలుస్తది.

పిల్లలమర్రి నీడ:

ఆరోది కూడా సరే. అక్కడ ప్రెటీ అంటే ముచ్చటగా ఉన్నదని, గిన్నెల లెక్కలో వచ్చిన ప్రెటీ కాదు. కానీ పిల్లలు ఆ రెండింటినీ కలిపి 'క్వైట్ ప్రెటీ గుడ్' అని రాయడం మొదలుపెడతారు, అక్కడ ఆపండి. ఒక విశేషణానికి ఒకే గిన్నె. ఇంకో మాట, గద్వాల చీర కట్టుకొచ్చిన మనిషితో 'క్వైట్ ప్రెటీ' అంటే మన 'మంచిగనే ఉంది' లాగే వినిపించొచ్చు. అక్కడ 'వెరీ' అనడం మేలు.